చచ్చిన పందిని వంకలో పారేయొద్దు

సంపాదకుల గారికి,

మాది సిద్దవటం దగ్గర పల్లె. తాతల కాలం నుంచి పందులు సాకే ఇల్లు. పోయిన నెల లంకమల అడవి వైపు వంకలో ఎవరో రెండు చచ్చిన పందుల్ని పారేసిపోయారు. ఏ జబ్బుతో చచ్చాయో పరీక్ష చేయించినట్టు లేదు. నేను చూసేసరికే వాటి కడుపులు చీలిపోయి ఉన్నాయి. చుట్టూ తడి ఇసుకలో అడవిపందుల గిట్టల గుర్తులు, పెద్దవాటి మధ్య పిల్లలవి కూడా. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పందులకొచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బు మన దేశంలో 2020లో అస్సాంలో బయటపడింది. మనుషులకు అంటదు. పందికి సోకితే మాత్రం ఒళ్లు కాలిపోతుంది, మేత ముట్టదు, చెవులు కమిలిపోతాయి. బతికేవి చాలా తక్కువ. మందు లేదు. చచ్చిన పంది మాంసంలో కూడా ఆ వైరస్ చాలాకాలం బతికే ఉంటుంది.

ఊరి పందులతో ఇది ఆగదు. బోర్నియో దీవి వర్షారణ్యాల్లో గడ్డం పందులుంటాయి. చెట్లు కాపుకొచ్చిన చోటు వెతుక్కుంటూ మందలుగా ఎంతో దూరం నడుస్తాయి. 2021లో ఆ దీవిలోనే మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో ఈ జబ్బు తగిలి అవి అడవిలోనే చచ్చాయి. అక్కడి గిరిజనులకు అదే ముఖ్యమైన వేట మాంసం.

ఇండోనేసియాలోని సులవేసి దీవిలో బాబిరూసా అనే అడవిపంది ఉంది. అందులో మగదాని పైకోరలు మూతి చర్మాన్ని చీల్చుకుని పైకి పెరిగి, వెనక్కి వంగుతాయి. ఈతకు ఒకటో రెండో పిల్లలే. మా పందులు ఎనిమిది, పది పెడతాయి, మంద పోయినా మళ్లీ నిలబడుతుంది. దానికి ఆ వీలు లేదు. చుట్టూ సముద్రం, పక్క అడవి నుంచి వచ్చి చేరేవీ ఉండవు. పందిని చూసి ముక్కు మూసుకునేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. కనీసం 45,500 ఏళ్ల కిందటే ఆ దీవిలో మనిషి గుహ గోడ మీద ఎర్రరంగుతో అడవిపంది బొమ్మ గీశాడు.

శనక్కాయ చేలు పాడుచేస్తాయని రైతులకు అడవిపందుల మీద కోపం ఉంది, అది న్యాయమే. కానీ లంకమలలో చిరుతకు, నల్లమలలో పెద్దపులికి అవే తిండి. పైగా అడవికి ఎక్కిన జబ్బు మళ్లీ మా దొడ్లలోకే దిగుతుంది.

పందులు సాకే మావాళ్లకు ఒక మాట. హోటళ్ల ఎంగిలి కూడు అరగంట మరిగించాకే పెట్టండి. చచ్చినదాన్ని లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చండి. పశువుల డాక్టరుకు చెప్పండి. చెబితే మందనంతా చంపేస్తారన్న భయంతోనే రాత్రిపూట వంకల్లో పడేస్తున్నారని నాకు తెలుసు. అందుకే చంపిన పందికి పరిహారం ఎంతో, ఎన్నాళ్లకు చేతికొస్తుందో పశుసంవర్ధక శాఖ ఇప్పుడే ఊరూరా చాటింపు వేయించాలి.

- ఒక పందుల పెంపకందారు, సిద్దవటం మండలం, కడప జిల్లా