ఒక్కదానివే బూత్‌లో కూర్చోకు

అమ్మలూ,

నీ మెయిల్ మధ్యాహ్నం విరామంలో చదివాను. విదేశీ సదస్సులో మొదటిసారి దుబాసీ పని, అదీ రెండు రోజులు, విమానం టికెట్టు కూడా వాళ్లదే. చాలా సంతోషం వేసింది. కానీ చివర్లో నువ్వు మాటవరసకన్నట్టు రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. సెషన్లు రెండేసి గంటలే కాబట్టి బూత్‌లో, అంటే వక్త మాట్లాడుతుండగానే మనం మైక్‌లో అనువదించి చెప్పే ఆ చిన్న గదిలో, ఒక్కరు చాలని మీ ఏజెన్సీ అంటోందట, ఫీజు ఒకటిన్నర రెట్లు ఇస్తారట. ఒప్పుకోకు. ఇంకో మనిషిని పెడితే వస్తానని చెప్పు. కుదరదంటే రానని చెప్పు. మొదటి అవకాశం చేజారిపోతుందేమోనని నీకు గుబులుగా ఉంటుంది, నాకు తెలుసు. పోతే పోనీ.

నా మీద నమ్మకం లేదా అని అలుగుతావేమో. నీ ఫ్రెంచి నా ఫ్రెంచి కన్నా బాగుంటుంది, చెవి నాకన్నా చురుకు. అసలు ఇది ప్రతిభ సంగతే కాదు. 1998లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అనుభవమున్న దుబాసీలనే తీసుకుని, మామూలుగా మైక్ చేతులు మారే అరగంట దాటాక కూడా ఆపకుండా, ఇక మావల్ల కాదనేదాకా మాట్లాడించారు. సమయం గడిచేకొద్దీ అర్థం తేడా వచ్చే తప్పులు పెరుగుతూ పోయాయి. అంతవరకూ ఎవరైనా ఊహించేదే. విచిత్రం ఏమిటంటే, తమ పని దిగజారుతున్న సంగతి వాళ్లకు అంతగా తెలియనే లేదు. బాగానే చేస్తున్నామనుకుంటూ చెప్పుకుపోయారు.

ఎందుకలా అవుతుందో నువ్వు శిక్షణలో కొంత చూసే ఉంటావు. చెవిలో ఒక వాక్యం పడుతుంటుంది, నోట్లో దాని ముందు వాక్యం నడుస్తుంటుంది, రెంటికీ మధ్య రెండు మూడు సెకన్ల ఎడం. ఎడం పెరిగితే విన్నది జారిపోతుంది, తగ్గితే అర్థం కాకముందే నోరు తెరుస్తావు. ఇవి కాక మూడో పని ఒకటుంది, నీ గొంతును నువ్వే వింటూ సరిచూసుకోవడం. అలసట మొదలైనప్పుడు వినడం ఆగదు, మాట్లాడడం ఆగదు. ముందు పోయేది ఆ మూడోది. నేను చూసినంతలో ఎవరికైనా ఇంతే. కాపలావాడే నిద్రపోయాక దొంగ వచ్చాడని ఎవరు చెప్పాలి? పక్క కుర్చీలో ఉన్న మనిషి చెప్పాలి. వాళ్లు పెట్టనంటున్నది సరిగ్గా ఆ మనిషినే.

ఇవాళ సాయంత్రం మా బూత్‌లో ఏం జరిగిందో చెబుతాను. సముద్రంలో చేపల వేట నియమాల మీద సదస్సు. లోపల ఎవరేమన్నారన్నది చెప్పను, మన వృత్తిలో చెప్పకూడదు కూడా. పని ఎలా నడిచిందన్నది మాత్రం చెప్పొచ్చు. ఒక్కో ప్రతినిధికి 3 నిమిషాలు. 3 నిమిషాల్లో చెప్పగలిగినంతే చెబితే ఏ గొడవా ఉండదు. కానీ ఆరు నిమిషాలకు సరిపడా రాసుకొస్తారు, గుక్క తిప్పుకోకుండా 3 నిమిషాల్లో చదివేస్తారు. ఆ కాగితం మన చేతికి ముందే ఇవ్వాలని వాళ్లలో సగం మందికి తోచదు.

ఆ సమయానికి నా మైక్ ఆఫ్‌లో ఉంది. పక్కన పెద్దావిడ మాట్లాడుతోంది. నాకన్నా చాలా ముందు ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి, చెయ్యి తిరిగిన దుబాసీ. నేను ముసాయిదా తిరగేస్తూ, వక్త అంటున్న పేరా ఎక్కడుందో వెతికి, ఆ పేజీ ఆవిడ ముందుకు జరిపాను. ఇద్దరికీ మధ్యలో ఒక పెద్ద నోట్‌ప్యాడ్ ఉంటుంది. వక్త నోటి వెంట అంకె రాగానే అందులో పెద్ద అక్షరాలతో రాస్తాను, పక్కన టన్నులా, పడవలా, సంవత్సరమా అన్నది కూడా. అంకెలో సున్నా ఒకటి తగ్గితే వాక్యం ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం! ఆవిడ తల తిప్పదు. కనుకొసతో కాగితం చూసి, అంకె అందుకుని, వాక్యంలో దాని చోట పెట్టేసి వెళ్లిపోతుంది. హాల్లో వింటున్నవాళ్లకు ఒక్క గొంతే వినిపిస్తుంది.

పాతిక నిమిషాలు దాటాక ఆవిడ గొంతు కొద్దిగా పైకి లేచింది. వాక్యాలు పూర్తవుతున్నాయి కానీ ఒకదానికొకటి అతుకులేసినట్టు వస్తున్నాయి. "అయినప్పటికీ" అని ఉండాల్సిన చోట వట్టి "మరి" పడింది. తప్పేమీ రాలేదింకా. ఆవిడకు తెలియలేదు, నాకు తెలిసింది. పెన్ను నిలువుగా పైకెత్తి చూపించాను. ఈ వక్త కాగానే నేనందుకుంటానని మా ఇద్దరి గుర్తు. ఆవిడ తల ఊపింది. అధ్యక్షుడు తర్వాతి దేశం పేరు పిలిచే లోపు ఆవిడ బటన్ ఆరింది, నాది వెలిగింది. పల్లకీ బోయీలు నడక ఆపకుండా భుజం మార్చుకుంటారే, అలాగన్నమాట. మైక్ వదిలాక ఆవిడ కాసేపు కళ్లు మూసుకుంది. ఆ తర్వాత నోట్‌ప్యాడ్ తన వైపు లాక్కుని నాకోసం అంకెలు రాయడం మొదలుపెట్టింది.

మైక్ ఆఫ్ కాగానే ఫోన్ పట్టుకుని బయటికి పోయేవాళ్లూ ఉంటారు. నిజంగా విశ్రాంతి కావలసిన వేళ వెళ్లడం వేరు. పేర్లూ అంకెలూ కుప్పలు తెప్పలుగా వచ్చిపడే సెషన్‌లో తోటి మనిషిని వదిలేసి పోవడం మాత్రం నాకు గిట్టదు. అలాంటివాళ్లతో ఇంకోసారి పని వస్తే ఏదో సాకు చెప్పి తప్పించుకుంటాను.

ఇద్దరుండాలన్నది మా తరం వాళ్లు సుఖం మరిగి పెట్టుకున్న ఆచారమనుకునేవు. వక్త మాట్లాడుతుండగానే చెప్పే పద్ధతిని 1927లో జెనీవాలో, అంతర్జాతీయ కార్మిక సదస్సులో వాడి చూశారు. అంతకుముందు వక్త ఆగాక దుబాసీ లేచి, నోట్సు చూసుకుని, ప్రసంగమంతా తిరిగి చెప్పేవాడు. 1919 పారిస్ శాంతి చర్చల్లో పాల్ మాంతూ అనే దుబాసీ ఆ విద్యలో పేరు మోశాడు. పాతకాలం వాళ్లకు బూత్‌లో కూర్చునేవాళ్లంటే చిన్నచూపు, చిలకపలుకులని వెక్కిరింపు. 1945 నవంబర్ 20న నాజీ నాయకుల మీద నూరెంబర్గ్ విచారణ మొదలయ్యాక ఆ వెక్కిరింపు చాలావరకు సద్దుమణిగింది. ఇంగ్లిష్, ఫ్రెంచి, రష్యన్, జర్మన్, నాలుగు భాషలు. ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోతే విచారణ నాలుగింతలు సాగేది. ఐబీఎం పరికరాలు ఉచితంగా ఇచ్చింది. లియోన్ దోస్తెర్ అనే కల్నల్ ఏర్పాట్లు చూశాడు. పసుపు దీపం వెలిగితే వక్త నెమ్మదించాలి, ఎర్రదీపం వెలిగితే ఆగాలి. (ఆ దీపాలు ఇప్పటి హాళ్లలో ఎందుకు లేవా అని నాకు రోజూ అనిపిస్తుంది.)

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది అక్కడి మనుషుల లెక్క. 12 మంది చొప్పున మూడు జట్లు. ఒక జట్టు కోర్టులో పనిచేస్తుంటే ఇంకో జట్టు వేరే గదిలో కూర్చుని విచారణ వింటూ సిద్ధంగా ఉండేది, మూడోదానికి సెలవు. అప్పుడే యుద్ధం ముగిసింది, మనుషులు దొరకడమే గగనం. అయినా కోర్టులో లేని జట్టుకు ఊరికే డబ్బు దండగ అని ఎవరూ అనుకోలేదు. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి సంగతి చూడు. ఆరు అధికార భాషలు. ఒక్క మూడు గంటల సమావేశానికి 14 మంది దుబాసీలు కూర్చుంటారు. ఇంగ్లిష్, ఫ్రెంచి, స్పానిష్, రష్యన్ బూత్‌లలో ఇద్దరిద్దరు, అరబిక్, చైనీస్ బూత్‌లలో ముగ్గురేసి, ఎందుకంటే ఆ రెండు బూత్‌లవాళ్లు తమ భాషలోకీ, తమ భాషలోంచి బయటికీ రెండు వైపులా చెప్పాలి. 1953లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ దుబాసీల సంఘం ఏఐఐసీ నియమాల్లో కూడా ఇదే ఉంది, బూత్‌లో ఒంటరిగా పనిచేయకూడదు, అవసరమైతే అందుకునే మనిషి అందుబాటులో ఉండాలి. అంతెందుకు, హాలులో శాశ్వతంగా కట్టే బూత్ వెడల్పు ఇద్దరికి రెండున్నర మీటర్లు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణం. గది కొలత తీసేటప్పుడే ఇద్దరిని లెక్కేసుకున్నారు.

మరి మీ ఏజెన్సీకి ఒక్కరు చాలని ఎందుకు తోచింది? రెండో మనిషి ఫీజు, టికెట్టు, హోటల్ మిగులుతాయి కాబట్టి. నీకు ఒకటిన్నర రెట్లు ఇచ్చినా వాళ్లకు లాభమే. రెండో రోజు మధ్యాహ్నం నువ్వు ఏదో ఒక అంకె తారుమారు చేస్తే మాత్రం, "అమ్మాయి కొత్తది" అంటారు. ఒంటరిగా కూర్చోబెట్టామని ఎవరూ అనరు.

ఇంకోటి కూడా ఉంది. బూత్‌లో "నేను" అంటే నువ్వు కాదు, మాట్లాడుతున్న ప్రతినిధి. "మా ప్రభుత్వం దీన్ని తీవ్రంగా ఖండిస్తోంది" అని అతనంటే, నువ్వూ అంతే తీవ్రంగా అనాలి. నీకు ఆ మాట నచ్చినా నచ్చకపోయినా. అయిదు నిమిషాలయ్యాక అవతలి దేశం లేచి అంతకంత జవాబిస్తుంది. ఒక్కదానివే ఉంటే తిట్టూ నీ గొంతే, దానికి ఎదురుతిట్టూ నీ గొంతే. హెడ్‌ఫోన్‌లో వినేవాళ్లకు ఎవరు ఎవరిని అంటున్నారో ఒక క్షణం అయోమయం. పైగా కోపంతో కూడిన ప్రసంగం చెప్పాక ఒళ్లు వేడెక్కుతుంది, అది దిగడానికి కొంచెం సమయం కావాలి.

వాళ్లకు రాసేటప్పుడు కోపంగా రాయకు. నా అలసట, నా ఇబ్బంది అని కూడా రాయకు, అది వాళ్లకు పట్టదు. మీ ప్రతినిధుల మాట చివరిదాకా ఒకే నాణ్యతతో అందాలంటే ఇద్దరు కావాలి, అరగంటకోసారి మారతాం అని రాయి. అప్పటికీ కుదరదంటే, పెద్ద హాలు సెషన్లు వదిలేసి, చిన్న గదుల్లో జరిగే ముఖాముఖి చర్చలు చూస్తానని చెప్పొచ్చు. అక్కడ వక్త ఆగాక నోట్సు చూసి చెప్పే పద్ధతి నడుస్తుంది, తక్కువ సేపైతే ఒక్కరే చేయొచ్చు. సమయం రెట్టింపు పడుతుందని ముందే చెప్పు, లేకపోతే ఆ నింద కూడా నీ మీదకే వస్తుంది.

కాగితాలు వారం ముందు పంపమని అదే మెయిల్లో అడుగు. కార్యక్రమం, వక్తల పేర్లు, పోయినసారి తీర్మానం, ఏదుంటే అది. బూత్ నుంచి వక్త ముఖం కనిపిస్తుందా అని అడుగు. ఎవరైనా ఆన్‌లైన్‌లో మాట్లాడబోతుంటే వాళ్లు మంచి మైక్ వాడాలని చెప్పించు. లాప్‌టాప్‌లోంచి వచ్చే గరగర రోజంతా వింటే చెవులు పాడవుతాయి. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఇద్దరికీ ఒప్పుకున్నారనుకో. ముందు రోజే హాలు చూసి రండి. కన్సోల్ (మైక్ బటన్లుండే పెట్టె) మీద ఏ బటన్ ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి వెళ్లేలా చూసుకో, ముఖ్యంగా మైక్‌ను క్షణంపాటు ఆపే బటన్. మేం దాన్ని దగ్గు బటన్ అంటాం, దగ్గుకే కాదు, పక్కవాళ్లను ఏదైనా అడగడానికీ అదే. గాజులు తీసేసి కూర్చో. నీకు వినిపించవు, మైక్‌కు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. పదాల పట్టిక విడివిడిగా కాక ఇద్దరూ కలిసి తయారు చేసుకోండి. ఒకే సంస్థ పేరు నువ్వొక రకంగా, పక్క మనిషి ఒక రకంగా చెబితే వినేవాళ్లు రెండు సంస్థలనుకుంటారు.

మా పెద్దావిడతో నీ సంగతి అన్నాను. ఆ తేదీల్లో ఆవిడ ఖాళీయేనట, ఏజెన్సీ పిలిస్తే వస్తానంది. ఇంత అనుభవమున్న మనిషి దొరుకుతోందని రాస్తే వాళ్లు ఒకసారి ఆలోచిస్తారు. నువ్వే రావచ్చుగా నాన్నా అంటావేమో. నేను రాను. పక్కన నేనుంటే నువ్వు వక్తను వదిలేసి నా ముఖం చూస్తూ మాట్లాడతావు, నేను నీ అంకెలు రాయడం మానేసి నీ తప్పులు లెక్కపెడతాను.

వాళ్లకు పంపేముందు మెయిల్ ఒకసారి నాకు చూపించు. రేపు నా సెషన్ 10 గంటలకు, తొమ్మిదిన్నర దాకా ఫోన్ ఆన్‌లోనే ఉంటుంది.

నాన్న