2024–25 వార్షిక నివేదిక: సంఘం గదిలో ఉప్పునీటి ట్యాంకు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని చాలావరకు ఒక్క ట్యాంకు చుట్టూనే తిరిగింది. ఇంటి అక్వేరియంలో మంచినీటి చేపలు పెంచి చెయ్యి తిరిగినవారు కూడా ఉప్పునీటి చేపలకు మారగానే తడబడుతున్నారు. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం చేప ఇంటికి రాకముందే, నీళ్ల దగ్గరే జరుగుతున్నాయి. అందుకే మన విశాఖ సంఘం గదిలో అందరికీ కనబడేలా ఒక నమూనా ట్యాంకు పెట్టి, ప్రతి దశనూ సభ్యుల ఎదుటే చేశాం. ఖర్చుల పద్దు కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

ట్యాంకు, సంపు

పొడవు మూడడుగులు, వెడల్పు, ఎత్తు అడుగున్నర చొప్పున. 10 మిల్లీమీటర్ల గాజు. రాళ్లు, ఇసుక పోను ట్యాంకులో 150, కింద సంపులో (నీటిని శుభ్రం చేసే సామాను ఉండే రెండో తొట్టి) 50, మొత్తం 200 లీటర్ల నీళ్లు. స్టాండుతో కలిపి బరువు మూడు క్వింటాళ్లు దాటుతుంది కాబట్టి గది మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్నచోట నిలిపాం. గాజు కింద థర్మోకోల్ షీటు తప్పనిసరి. స్టాండు మీద ఒక్క ఇసుక రేణువున్నా ఆ చోటే గాజు చిట్లుతుంది.

సంపు విషయంలో కొత్తవారు మరిచేది ఒకటే: కరెంటు పోతే ఏమవుతుంది? సంపు నీళ్లను పైకి పంపే రిటర్న్ మోటారు ఆగగానే పైపు ట్యాంకు నీళ్లను వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. ఈ కొలతల ట్యాంకులో నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగితే దాదాపు 4 లీటర్లు సంపులోకి వస్తాయి. రిటర్న్ పైపు మూతి 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే 20 లీటర్లు. సంపులో ఆ ఖాళీ లేకపోతే నీళ్లు నేల మీదే. మూతిని నీటిమట్టానికి ఒక సెంటీమీటరు లోపలే ఉంచి, పైపుకు నీటి అంచు దగ్గర చిన్న రంధ్రం వేశాం. గాలి దూరగానే లాగడం ఆగిపోతుంది. ఆ రంధ్రాన్ని ఉప్పు పొక్కు, నాచు మూసేస్తాయి కాబట్టి నెలకోసారి పుల్లతో పొడవాలి. చేపలు వేయకముందే ప్లగ్గు పీకి పరీక్షించండి, వేశాక కాదు.

వైర్లన్నీ ప్లగ్గుకంటే కిందికి వేలాడి, మళ్లీ పైకెక్కాలి. అప్పుడు వైరు వెంట జారే చుక్క ప్లగ్గులోకి పోకుండా కింద రాలిపోతుంది. కరెంటు లీకయితే సరఫరాను తెంచే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చు లేకుండా ఉప్పునీటి ట్యాంకు పెట్టవద్దని సంఘం గట్టిగానే చెబుతోంది.

సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకు?

ఏడాది పొడవునా ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. మన తీరంలో నీటి ఉప్పదనం ఏడాదంతా ఒక్కలా ఉండదు. వర్షాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది లాంటి నదులు బంగాళాఖాతంలోకి కుమ్మరించే మంచినీళ్లు పైపొరలోనే నిలుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగి ఆ పలచని నీటిని మన ముంగిటికి తెస్తుంది. వేసవి మొదట్లో లీటరుకు 34 గ్రాముల దాకా ఉన్న ఉప్పు ఆ నెలల్లో 30 గ్రాములకంటే కిందికి దిగుతుంది. పగడపు దిబ్బల చేపలకు కావలసింది 35. దీనికితోడు ఒడ్డునీళ్లలో మురుగు, నూనె, హార్బరు కలుషితాలు. కాబట్టి నమూనా ట్యాంకుకు సముద్రపు నీళ్లు ఒక్క బిందె కూడా తేలేదు.

బీచ్ ఇసుక కూడా వాడలేదు. మన తీరపు నల్ల ఇసుకలో అయస్కాంతం తిప్పితే గింజలు మీసాల్లా అంటుకుంటాయి. అవే గింజలు మోటారు లోపలి అయస్కాంతానికీ అంటుకుని దాన్ని అరగదీస్తాయి. రెండు మూడు సెంటీమీటర్ల మందాన ఆరగొనైట్ (సున్నపు ఖనిజం) ఇసుక పరిచాం.

నీళ్లు కలపడం

ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు సరిపోతాయనుకుంటారు. చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత పచ్చినీటిని కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలరో, ఖనిజాల కార్ట్రిడ్జో ఉంటుంది. టీడీఎస్ మీటరు పెడితే 50, 80 చూపిస్తుంది. ఆ అంకెలో సిలికేటు, నైట్రేటు, ఫాస్ఫేటు ఎంతెంతో మీటరు చెప్పదు. గోధుమ రంగు నాచుకు అదే మేత. ఆర్వో యంత్రంలోని మెంబ్రేన్ (వడపోత పొర) తర్వాత నేరుగా నీళ్లు తీసి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గుండా పంపి, మీటరు సున్నా చూపాకే వాడాలి. సున్నా కాస్తా రెండు మూడుకు పెరిగితే రెజిన్ అయిపోయినట్టే.

అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు లీటరుకు 38 గ్రాములు, అంటే 200 లీటర్లకు 7.6 కిలోలు. సంచిలో ఉప్పు చెమ్మ పట్టి ఉంటే కొంచెం ఎక్కువే పడుతుంది. చివరి మాట ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుదే. ముందు డ్రమ్ములో నీళ్లు, అందులో పవర్‌హెడ్ (నీటిని కదిలించే చిన్న మోటారు) తిరుగుతుండగా ఉప్పు కొద్దికొద్దిగా. ఉప్పు మీద నీళ్లు పోస్తే అడుగున ద్రావణం చిక్కబడి, కాల్షియం సున్నంలా విరిగి డ్రమ్ముకు తెల్లగా అంటుకుంటుంది. ఎంతసేపు కలిపినా అది మళ్లీ కరగదు. మే నెల కార్యశాలలో రెండు బకెట్లలో రెండు విధాలా కలిపి చూపించాం. తప్పు బకెట్టు మర్నాటికీ పాలలాగే ఉంది. వంటింటి ఉప్పు అసలు పనికిరాదు. సముద్రపు నీటిలో లీటరుకు 410 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 దాకా మెగ్నీషియం ఉంటాయి. వంటింటి ఉప్పులో ఉండేది సోడియం క్లోరైడు, దానికి కలిపిన అయోడిన్, గడ్డకట్టకుండా వేసే మందు.

రిఫ్రాక్టోమీటరును మంచినీటితో సున్నాకు సరిచేస్తే చాలదు, 35 దగ్గర తప్పు చూపవచ్చు. ల్యాబులో దొరికే సోడియం క్లోరైడు 36.5 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 963.5 గ్రాములు కలిపితే సరిగ్గా 35 గుర్తు దగ్గర చూపే ద్రావణం వస్తుంది. దాన్ని చిన్న సీసాల్లో పోసి అడిగిన సభ్యులందరికీ ఇచ్చాం. చాలామంది మీటర్లు తప్పు చూపుతున్నట్టు అక్కడే తేలింది.

చేపల్లేని నెలన్నర

ట్యాంకులో ఎండు రాళ్లు మాత్రమే పెట్టాం. జీవమున్న పగడపు రాళ్ల గురించి అడిగినవారికి: వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లోనే రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు చేరాయి. ఎవరైనా చాటుగా తెచ్చి ఇస్తామన్నా సంఘం ఆవరణలోకి రానివ్వం.

చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చేసే బాక్టీరియా ముందే పెరగాలి, దానికి మేతగా అమ్మోనియం క్లోరైడు వేశాం. కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం ఇదే, కానీ వాళ్ల దగ్గరిది మలినాలతో ఉంటుంది, ల్యాబుదే కొనాలి. 200 లీటర్లకు 1.25 గ్రాములు వేస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వస్తుంది. మొదట అమ్మోనియా తగ్గి నైట్రైటు పెరుగుతుంది, ఆపైన నైట్రైటు తగ్గి నైట్రేటు మిగులుతుంది. నైట్రైటు ఉన్నంతకాలం నైట్రేటు కిట్టు చూపే అంకెను నమ్మకండి. నైట్రైటు దాన్ని చాలా ఎక్కువ చేసి చూపుతుంది. 1.25 గ్రాములు వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వస్తే ట్యాంకు సిద్ధం. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా రాళ్లమీద గోధుమ రంగు పొర కడితే కంగారుపడి మందులు పోయకండి, దానంతటదే పోతుంది.

నురగతో నీటిలోని మురికిని లాగే స్కిమ్మరు మొదటి వారం రెండు వారాలు మొరాయిస్తుంది. కుదురుకున్నాక గిన్నెలోకి టీ డికాషన్ రంగు నీళ్లు రావాలి. క్రీము రాసుకున్న చెయ్యి ట్యాంకులో పెడితే నురగ కూలిపోయి కొన్ని గంటలు మూగబోతుంది.

ఆవిరి, ఎండ

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. రోజుకు 3 లీటర్ల చొప్పున ఐదు రోజులు పట్టించుకోకపోతే 35 ఉన్న ఉప్పదనం 38కి చేరుతుంది. తగ్గిన మేరకు డీఐ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. నవంబరులో మన ట్యాంకులో దీనికి ఉల్టా జరిగింది. నీళ్లు నింపే ఫ్లోటు స్విచ్చు కింద నత్త ఇరుక్కుని, పక్కనున్న 20 లీటర్ల డబ్బా మొత్తం ఖాళీ అయింది. ఉప్పదనం 32కు పడింది. చేపలు తట్టుకున్నాయి, కొన్ని నత్తలు పోయాయి. ఇప్పుడు డబ్బా 10 లీటర్లదే, స్విచ్చుకు జాలీ తొడిగాం.

హైదరాబాదు వేసవిలో పొడిగాలి కాబట్టి నీటిమీదికి ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ ఉక్కపోతలో నీళ్లు అంతగా ఆవిరి కావు, ఫ్యానుతో అంత లాభం లేదు. నీళ్లు 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే నీటిని చల్లబరిచే చిల్లర్ కొనక తప్పదు. ఇన్వర్టరు మీద లైట్లు వేయకండి. ఒక్క పవర్‌హెడ్ తిరిగితే చాలు, ఆక్సిజన్ నిలబడుతుంది.

చేపలు, వ్యాధి

రెండు చిన్న క్లౌన్ చేపలు, పెంపకంలో పుట్టినవి, వేశాం. ఈ జాతిలో పిల్లలు మొదట మగవే. జంటలో పెద్దది ఆడదవుతుంది. కాబట్టి జోడీ కోసం వెతకనక్కరలేదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తెచ్చుకుంటే చాలు.

దూరం నుంచి వచ్చిన సంచిని విప్పి గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలపడం మేలనుకుంటారు, అది చేటే. ప్రయాణంలో సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది, కార్బన్ డయాక్సైడు పీహెచ్‌ను తగ్గించి ఉంచడం వల్లే చేప బతికి ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. సంచిని విప్పకుండా పావుగంట తేలనిచ్చి, విప్పి ఉప్పదనం కొలిచి, అదే ఉప్పదనం ముందే సిద్ధంచేసిన క్వారంటైన్ డబ్బాలోకి చేపను మాత్రమే మార్చాలి. అమ్మకందారులు తరచు విశిష్ట సాంద్రతను (మంచినీటితో పోల్చిన బరువు, ఉప్పదనానికి ఇంకో కొలత) 1.018, 1.020 దగ్గర ఉంచుతారు. అక్కడి నుంచి 1.026కు, అంటే 35 ఉప్పదనానికి, రోజుకు 0.001 చొప్పున పెంచండి.

ఈ ఏడాది ముగ్గురు సభ్యుల ట్యాంకుల్లో తెల్లమచ్చల వ్యాధి వచ్చింది. మూడింటిలోనూ కొత్త చేపను క్వారంటైన్ లేకుండానే వేశారు. రాగి మందు క్వారంటైన్ డబ్బాలోనే వాడాలి. పెద్ద ట్యాంకులో వేస్తే నత్తలు, రొయ్యలు చస్తాయి, రాయి పీల్చుకున్న రాగి తర్వాత కూడా వదులుతూనే ఉంటుంది. పెద్ద ట్యాంకును 76 రోజులు చేపల్లేకుండా ఉంచితే ఆ వ్యాధి తెచ్చే పురుగు (కంటికి కనబడని పరాన్నజీవి) ఆకలితో పోతుంది. మచ్చలు మాయమయ్యాయని పదో రోజునే చేపను తిరిగి వేసినవారు మళ్లీ మొదటికే వచ్చారు. మచ్చ రాలిపోతే రోగం తగ్గినట్టు కాదు, పురుగు ఇసుకలోకి దిగినట్టు.

వచ్చే ఏడాదికి

ప్రతి ఆదివారం 20 లీటర్ల నీళ్ల మార్పిడికి ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేశాం, పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. ఉప్పు శనివారం రాత్రే కలిపి ఉంచాలి. రిఫ్రాక్టోమీటరు, టీడీఎస్ మీటరు మూడు రోజులకు అరువు ఇస్తాం. తిరిగిచ్చేటప్పుడు రిఫ్రాక్టోమీటరు గాజుపలకను మంచినీటితో కడిగి తుడిచి ఇవ్వండి, ఉప్పు ఎండితే పలకకు గీతలు పడుతున్నాయి. క్వారంటైన్ డబ్బాలు రెండు ఖాళీగా ఉన్నాయి. చేప కొనే ముందు చెబితే ఉప్పదనం సరిచేసి ఉంచుతాం.

కార్యవర్గం తరఫున, కార్యదర్శి