పారో నుంచి నాన్నగారికి

పారో, భూటాన్

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేమిద్దరం క్షేమంగా ఉన్నాం. మొన్న తక్త్‌సంగ్ మఠం దాకా నడిచి వెళ్లి వచ్చాం. ఫోన్లో అమ్మ "చలి ఎలా ఉంది, ఏం తింటున్నారు" అని అడగడంతోనే సగం సేపు గడిచిపోయింది. మీరేమో "సరేనమ్మా, జాగ్రత్త" అని పెట్టేశారు. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి. మీరిద్దరూ ఇక్కడికి రావాలని అడగడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు దారి సంగతి. పారో ఊళ్లోంచి కారులో కొంచెం దూరం వెళ్తే కొండ కిందికి చేరతాం. అక్కడ దిగి తలెత్తి చూస్తే నల్లటి కొండ మొహాన తెల్లగా చిన్న మచ్చ కనిపిస్తుంది. గైడు వేలు పెట్టి చూపించేదాకా అది కట్టడమని నాకు అర్థం కాలేదు. పారో లోయే సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉంది. ఆ లోయ నుంచి ఇంకో 900 మీటర్లు పైన, 3,120 మీటర్ల ఎత్తున, మేకలు కూడా నిలవలేనంత నిటారు రాతికి ఆనుకుని ఉంది మఠం. "అక్కడికా మనం వెళ్లేది!" అన్నారు ఆయన. గైడు నవ్వి, తొందరపడకుండా నడిస్తే ఎవరైనా వెళ్లొచ్చన్నాడు. అతని మాటే నిజమైంది.

మొదటి సగమంతా పైన్ చెట్ల అడవి. వెడల్పాటి మట్టిబాట, ఎక్కుడు మాత్రం ఎక్కడా తగ్గదు. నడవలేనివాళ్లని గుర్రాల మీద సగం దాకా తీసుకెళ్తారు. అవి పక్కనుంచి పోతుంటే దుమ్ము లేస్తుంది, మనం కొండవైపుకి ఒదిగి నిలబడాలి. దారి మొదట్లోనే వాగు మీద చిన్న గుడిలాంటి కట్టడం ఉంది. నీటి తోపుకి లోపల ప్రార్థన చక్రం తిరుగుతూ ఉంటుంది, తిరిగినప్పుడల్లా గంట మోగుతుంది. చక్రం లోపల మంత్రాలు రాసిన కాగితాల చుట్ట ఉంటుంది. మనిషి నిద్రపోయినా వాగు జపం చేస్తూనే ఉంటుందన్నమాట.

పైకి పోయేకొద్దీ చెట్ల కొమ్మలకి నెరిసిన గడ్డంలాగా నాచు వేలాడుతూ కనిపించింది. గాలి శుభ్రంగా ఉన్నచోటే అది పెరుగుతుందట. ఊపిరి మాత్రం అందదు. అందుకే ఇక్కడికి వచ్చినవాళ్లు ముందు నాలుగు రోజులు థింపూ, పునాఖా చూసుకుని, ఒళ్లు ఎత్తుకి అలవాటు పడ్డాక ఆఖర్న తక్త్‌సంగ్ ఎక్కుతారు. మేమూ అలాగే చేశాం. మీరు వచ్చినా అలాగే చేయాలి.

దారిలో ఒకచోట ఆయాసం తీర్చుకోవడానికి బండకి చేరగిలబడ్డాను. తల పక్కనే రాతి పగుల్లో వేలెడేసి మట్టి స్తూపాలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటిని త్సాత్స అంటారు. చనిపోయినవాళ్ల చితాభస్మం మట్టిలో కలిపి, అచ్చుల్లో తీసి, ఆరబెట్టి, ఇలా వాన పడని సందు చూసి పెడతారని గైడు చెప్పాడు. కొన్నింటికి సున్నం వేశారు, కొన్నింటికి బంగారు రంగు, కొన్ని పాతబడి అంచులు రాలి మళ్లీ మట్టిలో కలుస్తున్నాయి. ముట్టుకోకుండా వంగి చూశాను. కింద వేదిక, దాని మీద గుండ్రటి అండం, పైన బుల్లి పెట్టెలాంటి హర్మిక, అన్నీ ఉన్నాయి నాన్నగారూ. మీరు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద సుద్దముక్కతో గీసి, భాగాల పేర్లు మా చేత పలికించిన స్తూపమే. అమరావతిలో ఆ అండం కూలిపోయి దిబ్బ మాత్రమే మిగిలింది కాబట్టి, బొమ్మ చూసి ఊహించుకోమనేవారు. ఇక్కడ ఎవరో తల్లి కోసమో బిడ్డ కోసమో పోసిన స్తూపం అరచేతిలో పట్టేంతగా నా చెవి పక్కనే ఉంది. అక్కణ్ణుంచి కదలడానికి నాకు చాలాసేపు పట్టింది.

సగం దారిలో కెఫెటీరియా ఉంది. టీ, బిస్కెట్లు, పూర్తి భోజనం కూడా దొరుకుతాయి. అక్కడి బల్లల దగ్గర కూర్చుంటే మఠం ఎదురుగా కనిపిస్తుంది, కళ్లు తిప్పుకోలేం. గుర్రాలు ఆ చుట్టుపక్కల దాకే వస్తాయి. ఆ తర్వాత అందరూ నడవాల్సిందే. ఇంకా ఎక్కితే మఠానికి సూటిగా ఎదురుగా ఉన్న కొండ అంచుకి చేరతాం. చేయి చాపితే అందేటట్టే ఉంటుంది, కానీ మధ్యలో లోతైన లోయ. రాతిలో వేసిన మెట్ల మీద కిందికి దిగి, సన్నటి జలపాతం పక్కనున్న వంతెన దాటి, మళ్లీ మెట్లెక్కాలి. దిగడానికీ ఎక్కడానికీ కలిపి ఏడెనిమిది వందల మెట్లు ఉంటాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి మొక్కు తీర్చుకున్న అమ్మకి ఇవొక లెక్క కాదు. వంతెన పొడుగునా ఈ కొండ నుంచి ఆ కొండకి ప్రార్థన జెండాల తోరణాలు కట్టారు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. జలపాతం తుంపర పడి తడిసి బరువుగా ఊగుతున్నాయి.

ఆ వంతెన మీద మా వెనకగా వచ్చిన కుర్ర భిక్షువు వీపు మీద గోనెసంచి మోసుకుంటూ మఠానికి వెళ్తున్నాడు. సంచిలోంచి క్యాబేజీ, ఉల్లికాడలు బయటికి కనిపిస్తున్నాయి. మఠంలో వండే సరుకులు ఇలా మనిషి వీపు మీద కూడా చేరతాయి. మేం పక్కకి జరిగితే తల వంచి నవ్వి, మా కంటే వేగంగా మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఇక కథ. 8వ శతాబ్దంలో గురు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగురుతూ వచ్చి ఇక్కడి గుహలో తపస్సు చేశాడని వీళ్ల నమ్మకం. తక్త్‌సంగ్ అంటే పులి గుహ. ఆయన శిష్యురాలు యేషే త్సోగ్యాలే ఆ పులి రూపం ధరించిందంటారు. వీళ్లు ఆయన్ని గురు రింపోచే అంటారు, దాదాపు బుద్ధుడితో సమానంగా కొలుస్తారు. ఆ గుహ చుట్టూ 1692లో గ్యాల్సే తెంజిన్ రబ్‌గ్యే ఈ మఠం కట్టించాడు. అది 1998 ఏప్రిల్‌లో కాలిపోయింది. లోపలి చిత్రాలు, విగ్రహాలు చాలా వరకు మంటల్లో పోయాయి, ఒక భిక్షువు ప్రాణం కూడా పోయింది. అంత ఎత్తున మంట లేస్తే ఆర్పడానికి ఎవరైనా ఎలా వెళ్తారు, లోయలో జనం చూస్తూ ఏడ్చారట. ఆ తర్వాత పాత ఫొటోలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు ఆసరాగా పాత రూపంలోనే మళ్లీ కట్టారు. 2005కల్లా పూర్తయింది.

ఈ మాట విన్నప్పుడు మీరే గుర్తొచ్చారు. మన స్తూపం పలకల్ని ఊళ్లో కట్టుబడికి వాడేశారని, 1797లో కల్నల్ మెకంజీ వచ్చి చూశాడని, తర్వాత వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరి, 1859లో లండన్‌కి ఓడెక్కాయని పిల్లలకి చెబుతూ మీ గొంతు మారిపోయేది. నేను లండన్ వెళ్లాక బ్రిటిష్ మ్యూజియంలో ఆ అద్దాల గదికి ఎన్నోసార్లు వెళ్లాను. స్తూపం మీదే స్తూపాన్ని చెక్కిన పలక అక్కడే ఉంది. ఎంత బాగా చూసుకుంటున్నా, దాని ముందు ఎవరూ దీపం పెట్టరు, ఎవరూ చెప్పులు విడవరు. అది నాకు ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

తక్త్‌సంగ్‌లో లోపలికి వెళ్లేముందు ఫోన్లు, కెమెరాలు, సంచులు ద్వారం దగ్గర లాకర్లో పెట్టేయాలి. టోపీలు తీసేయాలి, గుడిగదుల్లోకి చెప్పుల్లేకుండా వెళ్లాలి. చేతిలో ఏమీ లేకపోయేసరికి కళ్లు బాగా పని చేశాయి. చీకటి గది, చల్లటి చెక్క నేల, వెన్న దీపాల వాసన. పీఠం మీద వరసగా నీళ్లు నింపిన చిన్న గిన్నెలు, వెన్నతో, పిండితో చేసిన రంగురంగుల నైవేద్యాలు, వాటి పక్కనే బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ ప్యాకెట్లు. ఎవరికి ఏది ఇష్టమైతే అది దేవుడికి పెడుతున్నారు. భిక్షువు కలశంలోంచి కుంకుమపువ్వు నీళ్లు అరచేతిలో పోశాడు. ఒక గుక్క తాగి మిగతావి తలకి రాసుకున్నాం. తీర్థం పుచ్చుకోవడం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.

మా ముందు ఒక ముసలావిడ ఉంది. జుట్టు కత్తిరించుకుని, ఇక్కడి ఆడవాళ్లు కట్టే నేత బట్ట కీరా కట్టుకుని, చేతిలో జపమాల. మనవరాలు చేయి పట్టుకుని ఎక్కించుకొచ్చింది. గదిలోకి రాగానే ఆవిడ చేయి విడిపించుకుని, చేతులు జోడించి నెత్తికి, గొంతుకి, గుండెకి తాకించి, మోకాళ్ల మీద వంగి నుదురు నేలకి ఆనించింది. లేచి మళ్లీ అలాగే, మళ్లీ అలాగే. మూడోసారి లేవడానికి చాలా కష్టపడింది, అయినా మనవరాలు సాయం పట్టలేదు, పక్కన నిలబడి ఎదురుచూసింది. నాన్నగారూ, మద్రాసులో ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లినప్పుడు మీరు నాకు ఒక శిల్పం చూపించారు, బుద్ధపాదాల ముందు వంగి మొక్కుతున్న స్త్రీలు. అదే వంపు, అవే చేతులు. మన పలకల మీద రెండు వేల ఏళ్ల కింద చెక్కిన మనుషులు ఇక్కడ ఇంకా లేస్తున్నారు, వంగుతున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏమీ అడగకుండా పక్కన నిలబడ్డారు.

బయటికొచ్చాక గైడు మాది ఏ ఊరని అడిగాడు. అమరావతి దగ్గరని చెప్పగానే దాని పాత పేరు పట్టుకుని "ధాన్యకటకమా?" అన్నాడు. చిన్నప్పుడు మఠం బడిలో చదువుకున్నాడట. బుద్ధుడు కాలచక్రం అనే తాంత్రిక బోధనని మొదట చెప్పింది ధాన్యకటకంలోనేనని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా కాలచక్రం చేయించినప్పుడు మన ఊళ్ల నిండా మెరూన్ బట్టలే కదా. అప్పుడు మన వసారాలో దిగిన పెద్దవాళ్లు అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, ప్రార్థన చక్రం తిప్పుకుంటూ ఎండలో కూర్చునేవారు. మనం వాళ్లని దూరదేశపు యాత్రికులుగా చూశాం. వాళ్లు మాత్రం తమ పుణ్యక్షేత్రానికి వచ్చారు. అది నాకు ఇక్కడికి వచ్చాకే పూర్తిగా అర్థమైంది.

అమ్మకి తిండి సంగతి. ఇక్కడ మిరపకాయ కారం కోసం కాదు, కూరగాయ. పచ్చి మిరపకాయల్ని చీల్చి చీజ్‌లో ఉడికిస్తారు, ఎమా దత్సి అంటారు. పారోలో పండే ఎర్రబియ్యం అన్నంలో కలుపుకుని తింటే గుంటూరు నోటికి కూడా చెమట పట్టింది. ఇళ్ల కప్పుల మీద ఎర్ర మిరపకాయలు ఆరబోసి ఉంటే మన కల్లాలే గుర్తొచ్చాయి. భోజనం అయ్యాక తమలపాకు, వక్క, సున్నం. వెన్న, ఉప్పు వేసిన టీ మాత్రం నాన్నగారికి నచ్చుతుందేమో గానీ నీకు నచ్చదు.

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్లకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. మనిషికి రాత్రికి 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వ రుసుము కట్టాలి. వాళ్ల ఙుల్‌ట్రుమ్ మన రూపాయితో సమానం. మీరు హైదరాబాద్ నుంచి బాగ్‌డోగ్రాకి విమానంలో వచ్చి, అక్కణ్ణుంచి కారులో జైగావ్ సరిహద్దు దాటి ఫుంట్‌షోలింగ్‌లో ఒక రాత్రి ఆగితే అలసట ఉండదు. మేం అక్కడికే వచ్చి కలుస్తాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో చలి తగ్గి, కొండల మీద రోడోడెండ్రాన్లు పూస్తాయి, అప్పుడు పెట్టుకుందాం. మోకాళ్లు సహకరించకపోతే అమ్మ కెఫెటీరియా దాకా గుర్రం మీద వచ్చి, ఆయనతో పాటు అక్కడ కూర్చుని మఠం చూస్తుంది. మీరూ నేనూ పైకి వెళదాం. మీ బీపీ గురించి డాక్టరుగారిని ముందే అడిగి, ఎత్తు ప్రదేశానికి వెళ్తున్నామని స్పష్టంగా చెప్పండి.

"ఈ వయసులో ఎందుకమ్మా" అని మాత్రం అనకండి. ముప్పై ఏళ్లు ఆ దిబ్బ చుట్టూ పిల్లల్ని తిప్పి, లేని గోపురాన్ని చూపించిన మనిషి, ఉన్నదాన్ని ఒకసారి చూడాలి.

అమ్మ ఓటరు కార్డులో ఇంటిపేరు తప్పు పడిందని చెప్పారుగా, అది ఈ నెలలోనే సరిచేయించండి. టికెట్లు నేను చూస్తాను.

మీ అమ్మాయి