బ్రోకర్‌ని పట్టుకున్నారు సరే, ఫైలు సంగతేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారం.

పసిపిల్లల్ని అమ్మే ముఠా పట్టుబడిందని గత వారం మీ పత్రిక మొదటి పేజీలో వేశారు. మర్నాడు లోపలి పేజీలో, దత్తతకు చట్టబద్ధమైన దారి ఉండగా అడ్డదారులు తొక్కడమేమిటని ఒక వ్యాసం వచ్చింది. వార్తతో నాకు పేచీ లేదు, వ్యాసంతోనే ఉంది. పిల్లల్లేని దంపతులకు ఓపిక లేదట, అవగాహన లేదట. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు, మిగతాది ప్రభుత్వమే చూసుకుంటుందట. రాసినాయన ఆ పోర్టల్‌ను ఒక్కసారైనా తెరిచారో లేదో గానీ, మా అమ్మాయి, అల్లుడు మాత్రం ఏళ్ల తరబడి తెరిచి చూస్తూనే ఉన్నారు. నేను సర్వీసంతా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ల మధ్య గడిపి రిటైరైనవాణ్ణి. కాగితం ఎక్కడ ఆగిందో పసిగట్టడం కాస్తో కూస్తో తెలుసు కాబట్టి రాస్తున్నాను.

తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే పద్ధతి బాగానే ఉంది. దత్తతల వ్యవహారం చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, 30 రోజుల్లో కాగితాలన్నీ ఎక్కించాలి. ఆ తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేస్తారు. మా ఇంటికి వచ్చినావిడ అల్లుణ్ణీ అమ్మాయినీ విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. వంటగది చూసింది, మేడ మీద పిట్టగోడ ఎత్తు చూసింది. చివర్లో నా వైపు తిరిగి, "మీ అబ్బాయి పిల్లల్నీ ఈ బిడ్డనూ ఒకేలా చూస్తారా అండీ?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. బిడ్డను ఒకరి చేతిలో పెట్టే ముందు ఆ మాత్రం ఆరా తీయకపోతే ఎలా? ఇందులో మాకు ఫిర్యాదేమీ లేదు.

ఫిర్యాదంతా ఆ తర్వాతి నిరీక్షణ గురించి. చిన్న వయసు బిడ్డ కోసం మూడు నాలుగేళ్లు ఆగాల్సి వస్తోందని 2023లో సాక్షాత్తూ సుప్రీంకోర్టే ఆందోళన వ్యక్తం చేసింది. హోమ్ స్టడీ రిపోర్టేమో మూడేళ్లే చెల్లుతుంది. అంటే క్యూ ఇంకా తెమలకముందే కాగితానికి కాలం చెల్లుతుంది. మళ్లీ రెన్యువల్, మళ్లీ అవే సర్టిఫికెట్లు. ఎందుకింత ఆలస్యమని అడిగితే అందరూ చెప్పే జవాబు ఒక్కటే: దరఖాస్తులు ఎక్కువ, పిల్లలు తక్కువ.

పిల్లలు తక్కువా? అనాథాశ్రమాలు, బాలసదనాలు ఖాళీగా ఉన్నాయా? దత్తతకు లీగల్లీ ఫ్రీ, అంటే చట్టప్రకారం దత్తత ఇవ్వొచ్చు అని ప్రకటించిన పిల్లలు తక్కువ అనండి, ఒప్పుకుంటాను. ఆ ప్రకటన చేయాల్సింది బాలల సంక్షేమ కమిటీ. వదిలేసిన బిడ్డ రెండేళ్ల లోపు వయసైతే రెండు నెలల్లో, అంతకు పైబడితే నాలుగు నెలల్లో తేల్చాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలోనే రాసి ఉంది. కమిటీలో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండాలి. బిడ్డ దత్తతకు అర్హమని తేల్చాలంటే కనీసం ముగ్గురు కలిసి నిర్ణయించాలి. ఒకరి పదవీకాలం ముగిసి, ఇంకొకరు సెలవు పెట్టి, మరో కుర్చీ ఖాళీగా ఉంటే ఆ ముగ్గురు ఎక్కణ్ణుంచి వస్తారు? కొత్తవాళ్లను వేసేదాకా బిడ్డ శిశుగృహలోనే పెరుగుతుంది. మాకు పరిచయమైన ఒక అధికారిని ఇదే అడిగితే "ప్రాసెస్‌లో ఉందండీ" అన్నారు. నేను ఉద్యోగంలో ఉండగా ఆ మాట ఎన్నిసార్లు వాడానో నాకు తెలుసు. ఫైలు ఎక్కడుందో తెలియనప్పుడు అనే మాట అది.

ఇక అసలు లెక్కలోకే రాని పిల్లలున్నారు. ఏ మేనమామో పండక్కి ఆశ్రమానికి వచ్చి, చూడటానికి వచ్చినట్టు రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్తాడు. మళ్లీ ఏళ్లు గడిచినా కనిపించడు. ఆ ఒక్క సంతకంతో ఆ పిల్లకు కుటుంబం ఉన్నట్టే లెక్క. ఆరేళ్లు, ఎనిమిదేళ్లు వచ్చాక ఎవరో మేలుకుని కాగితాలు కదిపితే, అప్పటికి అందరూ రెండేళ్ల లోపు బిడ్డే కావాలంటున్నారు. ఇలాంటి పిల్లలను ప్రతి రెండు నెలలకోసారి వెతికి గుర్తించాలని సుప్రీంకోర్టు అదే 2023 నవంబరులో రాష్ట్రాలను ఆదేశించింది. మన జిల్లాలో ఆ వెతుకులాట ఎన్నిసార్లు జరిగిందో మీ విలేకరి ఎప్పుడైనా అడిగారా? ముఠా పట్టుబడిన రోజున మాత్రం కెమెరాలతో సహా అందరూ హాజరు.

వ్యాసంలో ఇంకో గందరగోళం కూడా ఉంది. దత్తత పత్రం రిజిస్టర్ చేయించుకుంటే సరిపోతుందని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఎవరికి సరిపోతుంది? 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద కన్న తల్లిదండ్రులే బిడ్డను ఇవ్వాలి. వాళ్లు లేకపోతే సంరక్షకులు కోర్టు అనుమతితో ఇవ్వాలి. బిడ్డకు పదిహేనేళ్లు నిండకూడదు. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకుంటే ఆ దారి వేరు. ఆస్పత్రి ఆయాకో మధ్యవర్తికో బిడ్డను ఇచ్చే హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు. వాళ్లు రాసిచ్చే నోటరీ కాగితం చిత్తు కాగితంతో సమానం. పైగా డబ్బిచ్చి బిడ్డను కొన్నవాళ్లూ అమ్మినవాళ్లతో పాటు ముద్దాయిలే, ఐదేళ్ల దాకా కఠిన శిక్ష పడుతుంది. మీ వాక్యం చదివి ఎవరైనా స్టాంపు పేపరు కొనడానికి వెళ్తే ఎవరిది బాధ్యత?

మాకు చివరికి రెఫరల్, అంటే ఫలానా బిడ్డ ఉందన్న కబురు వచ్చింది. ఫోన్‌లో ఒక ఫొటో, బిడ్డ గురించి ఒక రిపోర్టు, ఒక మెడికల్ రిపోర్టు. 48 గంటల్లో సరే అనాలి, లేదంటే ఆ అవకాశం పోయినట్టే. వాళ్లు ఏళ్లు తీసుకోవచ్చు, మనకు మాత్రం రెండు రోజులు. ఆదివారం పూట పిల్లల డాక్టరు కోసం ఫోన్లు చేస్తూ మా అల్లుడు పడ్డ టెన్షన్ చెప్పనలవి కాదు. మెడికల్ రిపోర్టులో ఒక అంకె అర్థం కాక ముగ్గురు డాక్టర్లను అడిగాడు. పాప ఫొటోలో ఒక కాలికి సాక్సు ఉంది, రెండో కాలికి లేదు. మా అమ్మాయి దాన్నే చూస్తూ కూర్చుంది గానీ రిపోర్టు చదవలేదు.

దత్తత ఉత్తర్వులు 2022 సెప్టెంబరు నుంచి కోర్టు బదులు కలెక్టర్ ఇస్తున్నారు. రెండు నెలల్లో ఇవ్వాలని నిబంధన. పర్వాలేదు, మాకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. అది పట్టుకుని జనన ధ్రువపత్రానికి వెళ్తే కౌంటర్‌లో ఉన్నాయన "అసలు తల్లిదండ్రుల పేర్లు చెప్పండి" అన్నాడు. ఉత్తర్వు ముందు పెడితే తిరగేసి చూసి, ఇలాంటిది మా దగ్గరికి రాలేదే అన్నాడు. పెంచుకున్నవాళ్ల పేర్లనే తల్లిదండ్రులుగా రాసి ఇవ్వాలని దత్తత నిబంధనల్లో స్పష్టంగా ఉంది. రూల్ ప్రింటు తీసి చూపిస్తే, పై ఆఫీసు నుంచి లెటర్ తెమ్మన్నాడు. నిబంధన చదవడం కూడా పై ఆఫీసు పనేనా? మా రోజుల్లో కనీసం చదివినట్టు నటించేవాళ్లం.

ఉద్యోగం చేసే అమ్మలకు రాసిన సెలవు నిబంధన ఇంకా విడ్డూరంగా ఉండేది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు, మూడు నెలల లోపు బిడ్డను దత్తత తీసుకుంటే తల్లికి 12 వారాల సెలవు అని రాశారు. కన్నతల్లి బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువు ఇస్తారు. అది న్యాయమే. ఆ తర్వాత ప్రకటన, రెఫరల్, కాగితాలు. ఇవన్నీ దాటుకుని మూడు నెలల లోపు బిడ్డ ఎవరింటికైనా చేరిందా? ఇచ్చినట్టే ఇచ్చి ఎవరికీ అందకుండా రాయడం మనవాళ్లకు బాగా తెలుసు.

కాబట్టి అయ్యా, ముఠాల వార్తలు వేయండి, వద్దనను. వాటి పక్కనే జిల్లాలో శిశుగృహల్లో, బాలసదనాల్లో ఎంతమంది పిల్లలున్నారు, వాళ్లలో లీగల్లీ ఫ్రీ అయినవాళ్లెందరు, గడువు దాటినా తేలనివాళ్లెందరు, కమిటీలో ఖాళీలెన్ని అన్నది నెలకోసారి వేయండి. పిల్లల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. సమాచార హక్కు దరఖాస్తు కావాలంటే రాసిపెడతాను, అలవాటైన పనే.

పేర్లంటే గుర్తొచ్చింది. మొదటి పేజీ వార్తలో, పోలీసులు కాపాడిన పసిబిడ్డ ముఖం స్పష్టంగా కనిపించేలా ఫొటో వేశారు. అదే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం అది నేరం. ఆరు నెలల దాకా జైలు గానీ, రెండు లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉండొచ్చు. మాకు అవగాహన లేదని రాసిన పత్రిక ఆ సంగతి చూసుకోవద్దా? అచ్చయింది ఎలాగూ అచ్చయింది. ఆన్‌లైన్ ఎడిషన్‌లో ఆ ఫొటో ఈ ఉదయానికి కూడా అలాగే ఉంది. నా లేఖ వేసినా వేయకపోయినా, ముందు దాన్ని తీయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి