గొడుగు అమ్మమ్మకు, ఇంకా మిగతా అందరికీ

మూడు రాత్రులుగా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి. మా పాపని బైక్ గుద్దింది, ఇప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసింది. కుడికాలు విరిగింది. మోకాలి పైదాకా కట్టు వేశారు, ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదట. తలకి ఏమీ కాలేదు. ఫోన్ చేసి అడుగుతున్న అందరికీ ముందుగా ఆ మాట చెబుతున్నాను.

సోమవారం సాయంత్రం స్కూల్ బస్సు ఎప్పటిలాగే మా ఇంటికి ఎదుటివైపు ఆగింది. పాప దిగి, బస్సు ముందునుంచి రోడ్డు దాటబోయింది. ఆగి ఉన్న బస్సుని దాటేసుకుంటూ వెనకనుంచి ఒక బైక్ వచ్చింది. నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. నా కళ్ళముందే జరిగింది. కాళ్ళు కదల్లేదు, నోటినుంచి అరుపు కూడా రాలేదు.

నాకన్నా ముందు ఆవిడ చేరుకున్నారు. బస్టాపులో ఎవరికోసమో ఎదురుచూస్తున్న పెద్దావిడ. చేతిలో నల్ల గొడుగు. దాన్ని విప్పి, బండ్లు వచ్చే వైపు రోడ్డు మీద అడ్డంగా పెట్టారు, దూరం నుంచే కనబడాలని. పాప పక్కన రోడ్డు మీదే కూర్చున్నారు. ఎవరో భుజాలు పట్టి లేపబోతే "కదపకండి!" అని గట్టిగా అరిచారు. పాప బ్యాగులోంచి పొడుగు నోటుపుస్తకాలు రెండు తీసి, కాలికి అటూ ఇటూ పెట్టి, స్కూల్ టైతో వదులుగా కట్టారు. కదపకుండా ఉంచడమే మంచిదైందని తర్వాత డాక్టరు కూడా అన్నారు.

అంబులెన్స్ వచ్చేదాకా పాప చేత ఎక్కాలు చెప్పించారు. "ఏడో ఎక్కం వచ్చా తల్లీ? చెప్పు, నేను వింటాను." ఏడైదులు దాకా చెప్పి పాప ఏడుపు అందుకుంది. "పరవాలేదు, మిగతాది తర్వాత చెబుదువుగాని" అన్నారు.

చుట్టూ మూగినవాళ్ళంతా ఒకటే మాట, "చూసుకుని దాటొద్దూ?" అని. ఏడేళ్ళ పిల్లని పట్టుకుని! ఆవిడ మాత్రం పాప చెవి దగ్గరికి వంగి, "నీ తప్పేం లేదు తల్లీ" అన్నారు. రాత్రి వార్డుకి కూడా వచ్చారు, రోడ్డు మీద పడిపోయిన రెండో బూటు పట్టుకుని. దుమ్మంతా తుడిచి, లేసు కూడా కట్టి ఉంది. మంచం పక్కన నిలబడి, "ఏడారులు ఎంత?" అని అడిగారు. పాప "నలభై రెండు" అంది. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని, ఆ మాటతో ఆపుకోలేక ఏడ్చేశాను. ఆ ఏడుపులో ఆవిడ పేరు అడగడం కూడా మర్చిపోయాను.

మా ఆయన, అత్తయ్య, తమ్ముడు రాత్రుళ్ళు కాచుకుని ఉన్నారు. వాళ్ళకి థాంక్స్ ఇంట్లో చెప్పుకుంటాను.

ఈ మాట కూడా చెప్పకుండా ఉండలేను. నిన్న బస్సు ఆగినప్పుడు అదే చోటికి వెళ్ళి, పాప ఎత్తుకి వంగి చూశాను. బస్సు పక్కనుంచి ఏమొస్తుందో అసలు కనబడదు. రెండు వైపులా చూసి దాటమని రోజూ చెప్పి పంపేదాన్ని, కానీ చూడటానికి అక్కడ ఏముంది, బస్సు తప్ప? గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. ఆ వేగాన్ని, దూరాన్ని లెక్కగట్టుకునే శక్తి చిన్నపిల్లలకి ఉండదు. బస్సుకి మరీ ఆనుకుని నడిచే పిల్లలు డ్రైవరుకీ కనబడరు. అమెరికాలో స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే వెనకవచ్చే బండ్లు ఆగి తీరాలి, చట్టమే ఉంది. ఇక్కడ మాకు బస్సు ఆగడమంటే ఓవర్‌టేక్ చేయడానికి సందు దొరకడం! బస్సు తిరుగు ప్రయాణంలో మా వైపు ఆపమని స్కూల్‌ని రెండుసార్లు అడిగాను. రూట్ టైమింగ్ కుదరదన్నారు. పిల్లల్ని చెయ్యి పట్టి దాటించాల్సిన ఆయా ఆ రోజు సెలవు, ఆమె బదులు ఎవరినీ పంపలేదు. ఇంకో పిల్లకి ఇలా కాకముందే ఈ రెండూ మార్చండి, దండం పెట్టి అడుగుతున్నాను.

బైక్ నడిపిన అబ్బాయి పారిపోలేదు. ఆస్పత్రి దాకా వచ్చి, తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. అతని మీద కోపం ఇంకా పోలేదు, కానీ ఆ ఒక్కదానికి థాంక్స్ చెప్పాలి.

అయ్యో, ఎక్స్‌రే దగ్గర పాపకి బొమ్మ గీసిచ్చిన సిస్టర్‌ని మర్చిపోయాను. బండి అడ్డంగా పెట్టి ట్రాఫిక్ ఆపిన అన్నకి కూడా. క్లాస్ టీచర్ రోజూ హోంవర్క్ పంపుతున్నారు, ఆవిడకి కూడా. ఇంకా పక్కింటి బాబు, రోడ్డు మీద చెల్లాచెదురైన పుస్తకాలన్నీ ఏరి తెచ్చాడు. గొడుగు తెచ్చిందీ వాడే.

అమ్మా, మీ గొడుగు మా ఇంట్లోనే ఉంది. ఒక ఊచ వంగిపోతే బాగుచేయించాం. పాప మిమ్మల్ని గొడుగు అమ్మమ్మ అంటోంది. ఎనిమిదో ఎక్కం నేర్చుకుంటోంది, మీకు అప్పజెప్పాలట. ఆవిడెవరో తెలిసినవాళ్ళు ఉంటే, దయచేసి ఈ మాట ఆవిడకి చేర్చండి.