పరుగు రాదనుకునే పిల్లల గురించి (నవంబరు వార్తాలేఖ)

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవులయ్యాక బడిలో మొదలుపెట్టిన పొద్దుటి పరుగుకు తొలి వారం పిల్లలు గ్రౌండ్ నిండా వచ్చారు. రెండో వారానికి చాలామంది జారుకున్నారు. అడిగితే ఒకరు ఆయాసమన్నారు, ఒకరు పిక్కలు పట్టేశాయన్నారు, ఎక్కువమంది మాత్రం "నాకు పరుగు రాదు సార్" అన్నారు. ఈ నెల లేఖ ఆ మాట గురించే. జనవరి 26న జెండా వందనం తర్వాత 6 నుంచి 10 తరగతుల పిల్లలకు 2 కిలోమీటర్ల పరుగు పెడుతున్నాం. మొదటి స్థానం, రెండో స్థానం అంటూ ఏమీ ఉండవు. చివరిదాకా వచ్చిన ప్రతి పిల్లవాడి పేరూ, ప్రతి ఆడపిల్ల పేరూ బోర్డు మీద రాస్తాం.

మన గ్రౌండ్ చుట్టూ సున్నంతో గీసిన గీత 250 మీటర్లు. నాలుగు రౌండ్లు వేస్తే కిలోమీటరు. పరుగు రాదంటున్న పిల్లలు చేస్తున్నది ఒకటే: మొదటి రౌండు నిమిషంలో కొట్టేసి, రెండో రౌండు సగంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోవడం. నిమిషానికి 250 మీటర్లంటే గంటకు 15 కిలోమీటర్ల వేగం. అలవాటు లేని ఒంటికి అది పందెం వేగం. ఆ వేగంలో కాలి కండరాలు అడిగినంత ఆక్సిజన్‌ను గుండె, ఊపిరితిత్తులు అందించలేవు. కండరం ఆక్సిజన్ చాలకుండానే చక్కెరను కరిగించుకుని కాసేపు నెట్టుకొస్తుంది, తర్వాత కాళ్ళు బరువెక్కుతాయి, రొప్పు వస్తుంది. ఇందులో పిల్లవాడి లోపం ఏమీ లేదు, వేగం లెక్క తప్పిందంతే. అదే పిల్లవాడు రౌండుకు 2 నిమిషాలు తీసుకుంటే గంటకు ఏడున్నర కిలోమీటర్లు, వడివడి నడక కంటే కాస్త ఎక్కువ. ఆ లెక్కన 2 కిలోమీటర్లకు 16 నిమిషాలు పడుతుంది. చాలు.

పిల్లలకు పరుగంటే ఫోన్లో చూసే వంద మీటర్లే. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో ముగించిన ఆ పరుగు చాలావరకు కండరంలో ముందే నిల్వ ఉన్న శక్తితో నడుస్తుంది. కబడ్డీలో కూతకు వెళ్ళడమూ 30 సెకన్ల పనే. అందుకే కబడ్డీలో పులి లాంటి పిల్లవాడు రెండో రౌండులో చతికిలబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు, నవ్వనూ కూడదు. మన ఒంగోలు గిత్తలను బండలాగుడుకు సిద్ధం చేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పే పని లేదు. తొలిరోజే పందెం బండ కట్టి తోలితే గిత్త ఏమవుతుందో వాళ్ళకు తెలుసు.

వేగం సరిగా ఉందో లేదో చూడడానికి యంత్రమేమీ అక్కర్లేదు. పరిగెత్తుతూ "మాది ప్రకాశం జిల్లా, మా బడికి పెద్ద గ్రౌండ్ ఉంది" అని ఒక్క గుక్కలో అనగలగాలి. మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలి, పాట పాడగలిగితే కాస్త పెంచుకోవచ్చు. ముక్కుతోనే గాలి పీల్చాలని పెద్దవాళ్ళు చెబుతుంటారు. నడకకు సరే గానీ పరుగులో నోరూ ముక్కూ రెండూ వాడాల్సిందే.

ఇక పద్ధతి. వారానికి మూడు రోజులు: సోమ, బుధ, శుక్రవారాలు. మధ్యలో విడుపు రోజు తప్పనిసరి. గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే దారికొస్తాయి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే నరాల్లాంటి తాళ్ళూ, ఎముకలూ గట్టిపడడానికి నెలలు పడుతుంది. నాలుగో వారంలో ఊపిరి బాగుందని రోజూ పరిగెత్తిన పిల్లలే ఐదో వారంలో కుంటుతూ వస్తారు. ప్రతిసారీ ముందు 5 నిమిషాలు వడిగా నడవాలి, చివర 5 నిమిషాలు మెల్లగా నడవాలి. మధ్యలో చేసే పని (ఎనిమిదో వారందాకా దాదాపు 20 నిమిషాలు) ఇలా ఉంటుంది. మొదటి రెండు వారాలు 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, ఇలా ఏడుసార్లు. మూడు, నాలుగు వారాల్లో 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక, ఐదుసార్లు. ఐదో వారం 3 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, నాలుగుసార్లు. ఆరో వారం 5 పరుగు, 2 నడక, మూడుసార్లు. ఏడు, ఎనిమిది వారాల్లో 8 పరుగు, 2 నడక, రెండుసార్లు. తొమ్మిదో వారం ఆగకుండా 12 నిమిషాలు, పదో వారం 16. వాచీ లేని ఇంట్లో అడుగులు లెక్కపెట్టుకోవచ్చు. మెల్లటి పరుగులో 150 అడుగులు దాదాపు ఒక నిమిషం, నడకలో 200 అడుగులు దాదాపు రెండు నిమిషాలు.

నడక అంటే ఓడిపోవడం అనుకునే పిల్లలు ఇక్కడే తప్పు చేస్తారు. నడక భాగం ఎగ్గొట్టి ఒకేసారి మూడు రౌండ్లు లాగేసి ఇంటికి వెళ్తారు, మర్నాడు మంచం దిగరు. ఆయాసం వచ్చాక నడవడం కాదు, రాకముందే లెక్క ప్రకారం నడవాలి. ఒక వారం కష్టంగా అనిపిస్తే అదే వారం మళ్ళీ చేయాలి. వారం రోజులు మానేస్తే ఒక వారం వెనక్కి వెళ్ళాలి. తుపాను సెలవులొచ్చినా ఇదే లెక్క. జ్వరం వచ్చి తగ్గిన పిల్లలు మాత్రం పూర్తిగా తేరుకుని, మామూలుగా తింటూ తిరుగుతున్నాకే, అదీ నడకతో మొదలుపెట్టాలి. సంక్రాంతి సెలవులు సరిగ్గా చివరి వారాల మీద పడుతున్నాయి. అరిసెలు తినొద్దని చెప్పే ధైర్యం మాకు లేదు. ఆ సెలవుల్లో కనీసం రెండు పొద్దులు మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి.

పరిగెత్తే తీరు గురించి రెండే మాటలు. అడుగు చిన్నదిగా ఉండాలి, పాదం ఒంటి కిందే పడాలి. కాలు ముందుకు చాచి మడమతో నేలను గుద్దితే ఆ దెబ్బ మోకాలికి వెళ్తుంది. తప్ తప్ మని చప్పుడు ఎక్కువగా వినిపిస్తే అడుగు పెద్దదవుతోందని గుర్తు. పిడికిళ్ళు కోడిపిల్లను పట్టుకున్నంత వదులుగా ఉంచాలి, చూపు కాళ్ళ మీద కాకుండా ఒక పదిహేను మీటర్ల ముందు ఉండాలి.

బూట్ల దగ్గర డబ్బు వృథా అయ్యేదీ, కాళ్ళు పాడయ్యేదీ ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాం. బడి కిట్‌లో వచ్చే నల్ల బూట్లు తరగతికి మాత్రమే. పరుగుకు తేలికైన క్యాన్వాస్ బూట్లో మామూలు స్పోర్ట్స్ షూలో చాలు, ఖరీదైన కంపెనీవి అక్కర్లేదు. పెరిగే పిల్లలు కదా అని రెండు సైజులు పెద్దవి కొంటే పాదం లోపల జారి బొబ్బలు లేస్తాయి, వేలు ముందుకు గుద్దుకుని గోరు నల్లబడుతుంది. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పిల్లల్ని నిలబెట్టి రెండు కాళ్ళకూ వేసి చూడండి. అన్నిటికంటే పొడుగు వేలికీ బూటు కొసకూ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. మడమ ఎత్తినప్పుడు బూటు జారకూడదు. చేత్తో వంచితే వేళ్ళ మొదట్లో వంగాలి, నడిమధ్యలో మడతపడే బూటు వద్దు. వానకు తడిసినవాటిని పొయ్యి పక్కన పెడితే అతుకు ఊడిపోతుంది. లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి గాలికి ఆరబెట్టండి. బూట్లు లేని పిల్లలు ఊడ్చిన గ్రౌండ్ మీద వట్టికాళ్ళతో పరిగెత్తవచ్చు, బయట డొంకల్లో మాత్రం వద్దు. చిల్లకంప ముల్లు, పల్లేరు కాయ దిగితే వారం పోతుంది. ధనుర్వాతం రాకుండా 10 ఏళ్ళకూ, 16 ఏళ్ళకూ వేయాల్సిన టీడీ టీకా పడిందో లేదో ఈ సందర్భంగా చూసుకోండి.

నేల కూడా చూసుకోవాలి. మన నల్లరేగడి వానకు బూటుకు కిలో మట్టి అంటిస్తుంది, ఎండితే నెర్రెల్లో చీలమండ మెలిపడుతుంది. ఎర్రమట్టి డొంక అన్నిటికంటే మంచిది. ఆదివారం సముద్రం ఒడ్డుకు వెళ్ళి మెత్తటి ఇసుకలో పరిగెత్తిస్తే బలం వస్తుందనుకోకండి, కొత్తవాళ్ళకు పిక్కలు పట్టేస్తాయి. హైవే మీద, దాని సర్వీసు రోడ్డు మీద అసలు వద్దు. ఊరి రోడ్డు తప్పనిసరైతే ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన, తెల్లటి లేదా పసుపు బట్టల్లో వెళ్ళాలి. కుక్క మొరిగితే పరుగు ఆపి నడవాలి. పరిగెత్తే కొద్దీ అది వెంటపడుతుంది.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. కొత్త ఏడాది వచ్చేసరికి పొగాకు బ్యారన్లు (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) కాలడం మొదలవుతుంది. చలి పొద్దుల్లో ఆ పొగ పైకి లేవక మంచుతో కలిసి నేలబారునే తిరుగుతుంది. బ్యారన్ పక్క దారి వదిలేయండి, పొగ కనిపిస్తున్న రోజు ఎండ పడి అది తేలిపోయేదాకా ఆగండి. ఇంకొక మాట: పచ్చాకు పని చేసిన మర్నాడు తల తిరుగుతోంది, వాంతులు అవుతున్నాయి అనే పిల్లలు ఉన్నారంటే అది పరుగు వల్ల కాదు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. పిల్లల చేత ఆ పని చేయించకండి, ఈ విషయంలో మొహమాటం లేకుండానే చెబుతున్నాం.

తిండి విషయం. లేవగానే ఒక గ్లాసు నీళ్ళు, పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు లేదా రెండు ఖర్జూరాలు. దోసెలు, ఇడ్లీలు, చద్దన్నం పరుగు అయ్యాకే. కడుపు నిండా తిని పరిగెత్తితే డొక్కలో పోటు వస్తుంది. వచ్చినప్పుడు నడకకు దిగి, పోటు ఉన్నచోట వేళ్ళతో అదిమి, గాలిని నోటితో నిదానంగా పూర్తిగా వదిలితే కాసేపట్లో తగ్గుతుంది. అరగంట పరుగుకు గ్లూకోజ్ పొడులూ, రంగు నీళ్ళూ దండగ. తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి.

నొప్పుల్లో తేడా తెలుసుకోవాలి. మర్నాడు రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా లాగడం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఒకే కాలిలో, ఒకే చోట, వేలితో చూపించగలిగే నొప్పి వేరు. పరిగెత్తే కొద్దీ పెరిగినా, ఆ కాలి మీద గెంతితే కలుక్కుమన్నా ఆపేయాలి. ఎదిగే వయసులో మడమ వెనకా, మోకాలి చిప్ప కిందా నొప్పి రావడం తరచుగా చూస్తాం. అక్కడ ఎముక ఇంకా పెరుగుతోంది, కండరం దాన్ని లాగుతోంది. పరుగు తగ్గించి, ఐసు ముక్కను గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి. రెండు వారాలకు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నాటు మందులు పెట్టి గట్టిగా రుద్దించకండి.

ఎంత మెల్లగా వెళ్ళినా, నెల గడిచినా ఆయాసం తగ్గని పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, రక్తహీనతతో ఉండవచ్చు. కింది రెప్ప లోపలి వైపు పాలిపోయి ఉందేమో చూడండి, పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను భోజనం చేశాకే వేసుకోవాలి, దానికి ముందూ వెనకా గంటసేపు టీ తాగకూడదు. నెలసరి రోజుల్లో పరిగెత్తకూడదన్న నియమం ఏమీ లేదు. ఒళ్ళు బాగుంటే రావచ్చు, లేకపోతే మానవచ్చు, మేం కారణం అడగం. పెద్ద తరగతుల అమ్మాయిలు పరుగు మానడానికి అసలు కారణం చాలాసార్లు ఆయాసం కాదు, సరైన లోదుస్తులు లేక ఇబ్బంది. ఒక మంచి స్పోర్ట్స్ బ్రా కొనివ్వండి, ఆ సంగతి అమ్మలు పిల్లలతో మాట్లాడండి.

ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ పీఈటీ మాస్టారి దగ్గర ఉండాలి, పరుగుకు ముందు వాడాలా వద్దా అన్నది డాక్టరును అడిగి రాసి పంపండి. పరిగెత్తుతూ ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయినా, గుండెలో నొప్పి అన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులోనే గుండె ఆగి పోయినా డాక్టరు చూసేదాకా పంపవద్దు.

మీరూ రండి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒంటికి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడిగి, రెండు వారాలు నడకే చేయండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు జేబులో బెల్లం ముక్కో చక్కెర పొట్లమో ఉంచుకోండి. పిల్లలతో పందెం పెట్టుకోకండి. వాళ్ళ వేగానికి మీరు దిగండి. పక్కింటి పిల్లవాడు ఎన్ని రౌండ్లు వేశాడని అడగకండి, బొద్దుగా ఉన్న పిల్లలకు పేర్లు పెట్టి పిలవకండి. ఆ ఒక్క మాటతో మానేసినవాళ్ళను మళ్ళీ గ్రౌండ్‌కు రప్పించడం పీఈటీ మాస్టారి వల్ల కూడా కాదు.

వచ్చే సోమవారం నుంచి మళ్ళీ మొదటి వారం లెక్కతోనే మొదలుపెడుతున్నాం, అందరికీ. పొద్దున 6:20కి గేటు తీస్తాం, 7 గంటలకు ముగిస్తాం. వాన పడి గ్రౌండ్ బురదైతే వరండాలో నడకా, మెట్లు ఎక్కడమూ ఉంటాయి. నీళ్ళ సీసా, మార్చుకోవడానికి పొడి మేజోళ్ళు పంపండి. కింద ఉన్న అంగీకార పత్రం చింపి, సంతకం చేసి, పిల్లలకు ఉన్న ఆరోగ్య సమస్యలు రాసి శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు ఇవ్వండి. ఇప్పటికే మానేసిన పిల్లలకు కొత్త పత్రం అక్కర్లేదు, వస్తే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు