వణుకు, పార్శ్వనొప్పి వార్తల్లో కొలత ఊసేది?

సంపాదకుల వారికి,

అయ్యా,

‘పార్కిన్సన్స్‌కు కొత్త మందు’, ‘మైగ్రేన్‌కు ఇక సెలవు’ లాంటి శీర్షికలు ఏటా నాలుగైదుసార్లు కనబడుతూనే ఉంటాయి. మందు పేరు రాస్తారు, శాతం రాస్తారు. ఆ శాతం దేన్ని కొలిస్తే వచ్చిందో మాత్రం రాయరు. కదలికల జబ్బులు, తలనొప్పుల మీద జరిగే మందుల ప్రయోగాల్లో పనిచేసే మాకు ఆ లోటే ముందు కనబడుతుంది. షుగరు తగ్గిందో లేదో రక్తపరీక్ష చెప్పేస్తుంది. వణుకు తగ్గిందని, తలనొప్పి తగ్గిందని తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. డాక్టరు కన్ను, రోగి డైరీ, ఈ రెండే ప్రధానమైన త్రాసులు. త్రాసు ఎలా ఉందో చూడకుండా తూకాన్ని మాత్రం అచ్చువేస్తే పాఠకుడికి మిగిలేది ఆశ ఒక్కటే.

ముందు డాక్టరు కన్ను సంగతి. పార్కిన్సన్స్ ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది 2008లో సవరించిన ఎండీఎస్-యూపీడీఆర్ఎస్ కొలమానం. అందులో మూడో భాగం పూర్తిగా పరీక్ష చేసి మార్కులు వేసేది. 33 చోట్ల సున్నా నుంచి 4 దాకా వేస్తారు, మొత్తం 132. ఇక్కడ మార్కులు పెరిగితే జబ్బు పెరిగినట్టు.

ఒక్క వేళ్ల పరీక్షే తీసుకోండి. బొటనవేలిని చూపుడువేలితో పదిసార్లు తాటించమంటారు. వీలైనంత వేగంగా, వేళ్ల మధ్య వీలైనంత ఎడం ఉండేలా తాటించాలి. ఒకటి రెండుసార్లు తడబడినా, చివరి తాటింపులకు వచ్చేసరికి ఎడం తగ్గినా 1 వేస్తారు. మూడు నుంచి ఐదుసార్లు ఆగినా, సగంలోనే ఎడం తగ్గడం మొదలైనా 2. ఐదుకు మించి ఆగినా, ఒక్కసారి కాస్త ఎక్కువసేపు బిగుసుకుపోయినా, మొదటి తాటింపు నుంచే వేళ్లు దగ్గరపడుతూ వచ్చినా 3. అసలు చేయలేకపోతే 4. ఇదంతా ఐదారు సెకన్లలో అయిపోతుంది. వేగం మీదే చూపు పెట్టిన డాక్టరుకు ఎడం తగ్గిన సంగతి తప్పిపోతుంది. రోగి పదితో ఆపకుండా పద్దెనిమిది దాకా తాటిస్తే ‘చివరి తాటింపులు’ ఏవో తెలియదు. మొదటిసారి ఒకరు, ఆరు నెలల తర్వాత వేరొకరు మార్కులు వేస్తే, వచ్చిన తేడా మందుదో మనిషిదో చెప్పలేం. అందుకే పద్ధతిగా జరిగే ప్రయోగాల్లో ఒక రోగికి మొదటినుంచి చివరిదాకా ఒకే డాక్టరు మార్కులు వేస్తారు. ఆ డాక్టరుకు శిక్షణ ఉంటుంది, పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. కొన్నిచోట్ల వీడియో తీసి, ఏది ముందుదో ఏది తర్వాతిదో చెప్పకుండా బయటివాళ్లతో మార్కులు వేయిస్తారు.

మార్కులకంటే ఎక్కువగా దెబ్బతీసేది గడియారం. మెదడులో కదలికలను నడిపే రసాయనం డోపమైన్. పార్కిన్సన్స్‌లో అది తగ్గిపోతుంది, ఆ లోటు తీర్చే ముఖ్యమైన మందు లెవోడోపా. కార్బిడోపాతో కలిపి ఇచ్చే ఈ మందు రక్తంలో గంటన్నరకల్లా సగానికి పడిపోతుంది. కాబట్టి మాత్ర వేసుకున్న గంటకు చూసిన రోగీ, నాలుగు గంటలకు చూసిన అదే రోగీ ఇద్దరు వేర్వేరు మనుషుల్లా ఉంటారు. ఈ గొడవ లేకుండా ‘ఆఫ్’ స్థితిలో, అంటే మందు ప్రభావం పోయి లక్షణాలు తిరిగొచ్చినప్పుడు, పరీక్ష చేయాలంటే రాత్రి నుంచి కనీసం పన్నెండు గంటలు లెవోడోపా ఆపమంటారు. అది రోగికి నరకం. మంచం దిగలేక, బట్టలు వేసుకోలేక, బయల్దేరే ముందు అరమాత్ర మింగేసి ఆ మాట దాచేవాళ్లు ఉంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు గానీ, ఆ రోజు లెక్క మాత్రం చెడుతుంది. నిదానంగా విడుదలయ్యే డోపమైన్ అగోనిస్టు (డోపమైన్‌లా పనిచేసే మందు) మాత్రలైతే పన్నెండు గంటలు ఆపినా ఒంట్లోంచి పోవు, వాటికి ఇంకా ముందునుంచే లెక్క వేసుకోవాలి. తిండి సంగతి సరేసరి. పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి వెళ్లడానికి లెవోడోపాకు దొరికే దారి మాంసకృత్తులు విడగొడితే వచ్చే అమైనో ఆమ్లాలు పోయే దారే. మాంసకృత్తులు దండిగా తిన్న వెంటనే వేసుకున్న మాత్ర ఆ రద్దీలో చిక్కుకుని ఆలస్యంగా ఎక్కుతుంది, ఒక్కోసారి ఎక్కనే ఎక్కదు. తిండికి అరగంట ముందు గానీ, తిన్న గంట తర్వాత గానీ వేసుకోమనేది అందుకే.

ఇక డైరీ. రోజును అరగంట చొప్పున 48 గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో ఐదింటిలో ఒకటి గుర్తుపెట్టాలి: నిద్ర, ఆఫ్, మెలికలు లేని ఆన్, మెలికలున్నా ఇబ్బంది లేని ఆన్, మెలికలతో ఇబ్బందిపడే ఆన్. ఆన్ అంటే మందు పనిచేస్తూ ఒళ్లు తేలిగ్గా కదిలే సమయం. మెలికలంటే మందు ఎక్కువైనప్పుడు ఒళ్లు తనంతట తాను ఊగడం, తిరగడం. ఆఫ్‌లో వచ్చే వణుకు వేరు. ఈ రెండింటినీ కలగాపులగం చేయడమే డైరీలో అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఒకదానికి మందు పెంచాలి, ఇంకోదానికి తగ్గించాలి. ప్రయోగంలో చేర్చుకునే ముందు రోగిని కూర్చోబెట్టి, ఆన్‌లో ఉన్నప్పుడూ ఆఫ్‌లో ఉన్నప్పుడూ డాక్టరు గుర్తు, రోగి గుర్తు ఒకటవుతున్నాయో లేదో సరిచూస్తారు. రెండో పొరపాటు రాత్రి పడుకోబోయే ముందు 48 గళ్లూ ఒక్క ఊపున నింపేయడం. అలాంటి డైరీ చూడగానే తెలిసిపోతుంది. రోజూ ఒకే వేళకు ఆన్, ఒకే వేళకు ఆఫ్, గీత గీసినట్టు ఉంటుంది.

ఇంత జాగ్రత్తపడ్డా ప్లాసిబోను, అంటే పోల్చిచూడటానికి ఇచ్చే మందులేని ఉత్త మాత్రనో సూదినో, దాటడం తేలిక కాదు. మందు అనుకుని మందులేని ఉత్త సూది తీసుకున్నా పార్కిన్సన్స్ రోగుల మెదడులో డోపమైన్ నిజంగానే విడుదలవుతుందని 2001లో పెట్ అనే మెదడు స్కాన్‌తో చూపించారు. ఒంట్లోకి వెళ్లాక లెవోడోపాగా మారే ఫాస్‌లెవోడోపాను చర్మం కిందికి పంపుతో రోజంతా ఎక్కించిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. పన్నెండు వారాలకు ఇబ్బందిపెట్టే మెలికలు లేని ఆన్ సమయం పంపు మందు తీసుకున్నవాళ్లలో రోజుకు 2.72 గంటలు పెరిగింది. పంపులో మందులేని ద్రవం, నోటిద్వారా మాత్రలు తీసుకున్నవాళ్లలోనూ 0.97 గంట పెరిగింది. మందు ఘనత ఈ రెంటి మధ్య ఉన్న గంటా ముప్పావు. అదేమీ తక్కువ కాదు. వార్తలో మొదటి అంకె ఒక్కటే వేస్తే మాత్రం అది సగం నిజం.

‘జబ్బు ముదరకుండా ఆపే మందు’ అనే మాట దగ్గర ఇంకా నిదానించాలి. లక్షణం తగ్గించడం ఒకటి, నాడీకణాలు చావకుండా కాపాడటం మరొకటి. ఈ రెంటినీ విడదీయడానికి 2004 నాటి ఎల్‌డోపా అనే పేరున్న ప్రయోగంలో 40 వారాలు లెవోడోపా ఇచ్చి, రెండు వారాలు ఆపి చూశారు. మార్కుల ప్రకారం ప్లాసిబో తీసుకున్నవాళ్లకంటే మందు వాడినవాళ్లే మెరుగ్గా ఉన్నారు. మెదడు స్కాన్ చూస్తే వాళ్లలోనే క్షీణత ఎక్కువగా కనబడింది. రెండు త్రాసులు రెండు మాటలు చెప్పాయి. 2019లో వచ్చిన లీప్ ప్రయోగంలో 445 మందిలో సగంమందికి మొదట్లోనే, మిగతావారికి 40 వారాలు ఆలస్యంగా లెవోడోపా మొదలుపెట్టారు. 80 వారాలకు తేడా లేదు. మందు ముందే మొదలుపెడితే జబ్బు తొందరగా ముదురుతుందన్న భయానికీ, ఆగిపోతుందన్న ఆశకూ ఆధారం దొరకలేదు. మధుమేహానికి వాడే ఎక్సెనటైడ్ కథ కూడా గుర్తుచేయాలి. 2017లో 62 మందితో చేసిన ప్రయోగంలో ప్లాసిబోకంటే మూడున్నర మార్కుల మేలు కనబడి శీర్షికలకెక్కింది. 194 మందితో 96 వారాలు నడిపిన ప్రయోగంలో ఏ మేలూ తేలలేదని 2025లో ప్రచురించారు. ఆ రెండో వార్త ఎంతమంది కంటబడిందో!

మైగ్రేన్‌కు వద్దాం. నొప్పి రాకుండా చూసే మందులను నెలకు ఎన్ని రోజులు నొప్పి వచ్చిందన్న లెక్కతో తూస్తారు. మందు ఇవ్వకముందు 28 రోజుల డైరీ రాయించి, ఆ తర్వాతి నెలలతో పోలుస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. నొప్పి బాగా ముదిరిన నెలలోనే మనిషి డాక్టరును వెతుక్కుంటూ వస్తాడు. ఏమీ ఇవ్వకపోయినా మరుసటి నెల కాస్త తగ్గడం సహజం. ఎరెన్యుమాబ్ సూదిమందు మీద 2017లో వచ్చిన స్ట్రైవ్ ప్రయోగంలో చేరినవాళ్లకు సగటున నెలకు 8.3 నొప్పి రోజులు ఉండేవి. 140 మిల్లీగ్రాముల మందుతో 3.7 రోజులు తగ్గాయి, ప్లాసిబోతో 1.8 రోజులు. అదే ఏడాది 8 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో జరిగిన ప్రయోగమైతే పెద్ద డాక్టర్లనే ఆలోచనలో పడేసింది. తలనొప్పి రోజులు సగానికి సగం తగ్గినవాళ్లు అమిట్రిప్టిలిన్‌తో 52 శాతం, టోపిరమేట్‌తో 55 శాతం, ప్లాసిబోతో 61 శాతం! దుష్ఫలితాలు మాత్రం మందులతోనే ఎక్కువ. మైగ్రేన్‌కు నుదుట వేసే బోటాక్స్ సూదుల ప్రయోగాలకైతే విచిత్రమైన చిక్కు. నుదుట ముడతలు పడటం ఆగిపోతే తనకు పడింది అసలు మందేనని అద్దం చూసుకున్నవాళ్లకల్లా తెలిసిపోతుంది.

‘నొప్పి రోజు’ అంటే ఏమిటన్నది కూడా ప్రయోగానికో రకం. కొన్నింటిలో అరగంట నొప్పి ఉన్నా ఆ రోజు లెక్కలోకొస్తుంది, కొన్నింటిలో వరసగా రెండు గంటలో నాలుగు గంటలో ఉండాలి. రెండు మందుల అంకెలు పక్కపక్కన పెట్టి ఇది గొప్ప, అది తక్కువ అని పట్టిక వేయడం అందుకే పొరపాటు. ఇంట్లో డైరీ రాసుకునేవాళ్లు నొప్పి మొదలైన వేళ, వేసుకున్న మాత్ర పేరు, అది వేసుకున్న వేళ, సరిగ్గా రెండు గంటలకు నొప్పి ఉందా లేదా అన్నది రాస్తే చాలు. నొప్పి వచ్చాక వేసుకునే మందుల ప్రయోగాల్లో అడిగేది ఆ రెండు గంటల ప్రశ్నే. నొప్పి లేని రోజున ‘లేదు’ అని రాయాలి. ఖాళీ వదిలితే నొప్పి లేదనుకోవాలో, మరిచారనుకోవాలో తెలియదు. మాత్రల రోజులు విడిగా లెక్కపెట్టాలి. ట్రిప్టాన్లు (మైగ్రేన్ నొప్పి వచ్చాక వేసుకునే మందులు) నెలకు 10 రోజులు, మామూలు నొప్పి మాత్రలు 15 రోజులు, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు.

ఈ రెండు జబ్బులూ ఒకేచోట కలిసే సంగతి ఒకటుంది. ఆరోగ్య పేజీల్లో దాని ప్రస్తావన అరుదు. మైగ్రేన్ రాకుండా రాత్రిపూట ఇచ్చే ఫ్లూనరిజిన్ డోపమైన్ పనికి అడ్డుపడి, ముఖ్యంగా పెద్దవయసువారిలో, అచ్చం పార్కిన్సన్స్‌లాగే వణుకు, బిగుతు, మందగమనం తేగలదు. తలతిరుగుడుకు వాడే సినరిజిన్, వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ కూడా అంతే. మైగ్రేన్‌కూ వాడే వాల్ప్రోయేట్ చేతులు వణికిస్తుంది. ఫ్లూనరిజిన్‌తో రెండు నెలల్లో గుణం కనబడకపోతే మానేయాలని, గుణం ఉన్నా ఆరు నెలలకు ఆపి చూడాలని ఆ మందు వాడకపు సూచనల్లోనే ఉంది. అయినా పాత చీటీ చూపించి ఏళ్లతరబడి కొని వాడేవాళ్లు ఉన్నారు. అలాంటివారికి పార్కిన్సన్స్ అని పేరుపెట్టి లెవోడోపా మొదలుపెడితే సాధారణంగా పెద్దగా పనిచేయదు. మందువల్లే వచ్చిన వణుకైతే, మెదడులో డోపమైన్ నాడీకణాల స్థితిని చూపే డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్ స్కాన్ మామూలుగానే ఉంటుంది. పార్కిన్సన్స్ ప్రయోగాల్లో చేర్చుకునేటప్పుడు ఈ మందుల గురించి గుచ్చిగుచ్చి అడిగేది ఇందుకే. ఇంట్లో ఎవరికైనా కొత్తగా వణుకు మొదలైతే ఎవరికి వారు మందులు మానకుండా, గత ఏడాదిలో వాడిన ప్రతి మాత్ర అట్టనూ తీసుకెళ్లి డాక్టరుకు చూపించాలి. మానేసిన మందుల అట్టలు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే ఆపిన తర్వాత వణుకు పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది.

ఇట్లు,
నాడీవ్యాధుల మందుల ప్రయోగాల్లో పనిచేసే కొందరం